అత్తయ్యగారితో శనివారాలు: నా అనుభవం

జబ్బు పేరు చెప్పే డాక్టర్లు దొరుకుతారు. ఆ తర్వాత ఇంట్లో ఎలా బతకాలో చెప్పేవాళ్ళే దొరకరు. మా అత్తయ్యగారికి అల్జీమర్స్ మొదలైందని భీమవరంలో న్యూరాలజిస్టు చెప్పిన రోజు మా చేతికి మందుల చీటీ ఇచ్చి, ఆరు నెలల తర్వాత మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఆయన పని ఆయన బాగానే చేశారు. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించారు, స్కానింగ్ తీయించారు, మనసులో దిగులేమైనా ఉందా అని ఓపిగ్గా అడిగారు. ఇలాంటి కారణాలతో వచ్చే మతిమరుపు వైద్యంతో తగ్గే వీలుంటుందట. అవేవీ కావని తేలాకే ఈ పేరు చెప్పారు. మందు జబ్బును నయం చేయదని, కొన్నాళ్ళు కాస్త నిలకడగా ఉంచుతుందని కూడా దాచకుండా చెప్పారు.

కానీ పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఆవిడ ఎవరితో మాట్లాడాలి, నేను ఎవరితో చెప్పుకోవాలి? దానికి చీటీ ఎవరూ రాయలేదు. మా ఊళ్ళో కొన్ని కుటుంబాలం కలిసి శనివారం శనివారం నడుపుకుంటున్న కూడిక గురించి వివరంగా రాస్తున్నాను. ఇలాంటి ఇల్లు మీదీ అయితే కొంతైనా పనికొస్తుందని నా ఆశ.

మాది నర్సాపురానికి దగ్గర్లో కాలువ గట్టు పక్కన ఊరు. మా అత్తయ్యగారు లేసు అల్లేవారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ క్రోషా అల్లిక ఈ చుట్టుపక్కల ఇంటింటికీ పాకింది. వంట అయ్యాక అరుగు మీద చేరి, ఏజెంటు ఇచ్చిన దారంతో పువ్వులు అల్లి, పువ్వుకింత అని డబ్బు తీసుకోవడం ఆవిడ తరం ఆడవాళ్ళకు అలవాటు. మామయ్యగారు పోయాక పిల్లల చదువులు చాలావరకు ఆ సూది మీదే నడిచాయి.

జబ్బు ముదరకముందే ఆ అరుగు మీది కబుర్లు ఆగిపోయాయి. చెప్పిందే చెబుతున్నారని ఇరుగుపొరుగు మెల్లగా రావడం తగ్గించారు. పెళ్ళికి తీసుకెళ్తే పెళ్ళికూతురి తల్లినే పట్టుకుని "నువ్వెవరి తాలూకమ్మా" అని అడిగారు. ఆ తర్వాత పేరంటానికి పిలవడానికి వచ్చినవాళ్ళు నన్నొక్కదాన్నే రమ్మనేవారు. "ఆవిణ్ణెందుకమ్మా శ్రమపెట్టడం, వయసైపోయింది కదా" అనేవారు. మంచికే అనేవారు. కానీ ఎవరూ రాని ఇంట్లో, ఎక్కడికీ వెళ్ళని మనిషి రోజురోజుకీ ముడుచుకుపోవడం నా కళ్ళతో చూశాను. మందు వేళకు వేస్తూనే ఉన్నాం. మాటలు మాత్రం తగ్గిపోతూ వచ్చాయి.

బెంగళూరులో ఉండే మా అబ్బాయి ఒకరోజు ఫోన్లో ఒక లెక్క చదివి వినిపించాడు. 2023లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు, ఉందని అంచనా. అంటే 88 లక్షల మంది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో, పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువట. మా పంచాయతీలో అరవై దాటినవాళ్ళు ఐదు వందలకు తక్కువ ఉండరు. ఆ లెక్కన ముప్పై నలభై ఇళ్ళలో ఈ బాధ ఉండాలి. నాకు తెలిసినవి రెండో మూడో ఇళ్ళు. మిగతావాళ్ళు కూడా మాలాగే తలుపు దగ్గరగా వేసుకుని ఉన్నారని అప్పుడు అర్థమైంది.

1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా అనే సంస్థ ఉందని, దానికి హైదరాబాదులోనూ శాఖ ఉందని వాడే చెప్పాడు. అలా చదువుతూ పోతే నెదర్లాండ్స్ సంగతి తెలిసింది. అక్కడ బేరే మీసెన్ అనే సైకాలజిస్టు 1997లో లైడెన్ ఊళ్ళో అల్జీమర్స్ కెఫే మొదలుపెట్టాడు. భార్యాభర్తలు కూడా ఒకరితో ఒకరు ఈ జబ్బు గురించి మాట్లాడుకోకపోవడం ఆయన గమనించాడట. అందుకని జబ్బున్నవాళ్ళు, వాళ్ళను చూసుకునేవాళ్ళు కలిసి వచ్చి, కాఫీ తాగుతూ దాపరికం లేకుండా మాట్లాడుకునే చోటు ఏర్పాటు చేశాడు. తర్వాత అది చాలా దేశాలకు పాకింది. నాకు అందులో నచ్చింది ఒకటే. జబ్బు మనిషిని ఒకచోట వదిలి మనం ఇంకోచోటికి పోవడం ఉండదు. ఇద్దరూ కలిసే వెళ్తారు.

మా ఊరి ఆశా కార్యకర్తతో ఈ మాట చెప్పాను. ఏ ఇంట్లో ఎవరు ఎలా ఉన్నారో ఆ అమ్మాయికి తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. "అందరూ రారండీ, సిగ్గుపడతారు" అని ముందే చెప్పింది. నిజమే. ఒక ఇంట్లో కోడలు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, "మా మామయ్యగారికి అలాంటిదేం లేదండీ, కాస్త చాదస్తం అంతే" అంది. లోపలి గదికి బయట గడియ పెట్టి ఉంది. ఏమీ అనకుండా వచ్చేశాం. కొన్ని నెలల తర్వాత ఆ అమ్మాయే తనంతట తానే మామగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. బలవంతపెడితే ఎవరూ రారు. తలుపు తీసి ఉందని తెలిస్తే చాలు, కష్టం గొంతుదాకా వచ్చినరోజున వస్తారు.

చోటు వెతకడానికి చాలా ఆలోచించాం. గుళ్ళో హాలు ఇస్తామన్నారు, చర్చివాళ్ళూ గది ఇస్తామన్నారు. రెండింటికీ దణ్ణం పెట్టి వద్దన్నాం. ఊళ్ళో ఏ పేటవాళ్ళయినా, ఏ దేవుడికి మొక్కేవాళ్ళయినా వెనకాడకుండా గడప దాటి రావాలి. కాలువ పక్కన ఒక మంచి హాలుంది, గాలి బాగా వస్తుంది. కానీ మెట్లు దిగితే రేవు. అదీ వద్దనుకున్నాం. చివరికి డ్వాక్రా మీటింగులు జరిగే గది తీసుకున్నాం. ఒకే గుమ్మం, ఎత్తు తక్కువ మెట్టు, పక్కనే బాత్‌రూమ్, ముందు వరండా. పెద్దవాళ్ళు కూర్చునే చోట బాత్‌రూమ్ దగ్గర్లో లేకపోతే ఇంకెన్ని ఉన్నా దండగే.

సమయం పొద్దున్న పది. ఈ జబ్బులో చాలామందికి సాయంత్రమయ్యేసరికి గాభరా ఎక్కువవుతుంది. ఇంట్లోనే ఉండి "ఇంటికి వెళ్ళాలి" అంటారు. కాబట్టి కాఫీ, టిఫిన్ అయ్యాక, ఎండ ముదరకముందు కూడి, పన్నెండు లోపల ఇళ్ళకు చేరిపోతాం. అరిటిపళ్ళు, టీ, బిస్కెట్లు, నడవలేనివాళ్ళకు ఆటో. శనివారానికి నాలుగైదు వందలు మించదు. వంతులు వేసుకుంటాం.

మొదట్లో కొన్ని కుదరలేదు. పిల్లల బొమ్మల పజిల్స్ తెస్తే పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకున్నారు. మైకు పెట్టి భజన చేయిస్తే ఆ హోరుకు ఇద్దరు బెదిరిపోయి లేచి వెళ్ళిపోయారు. టీవీ పెడితే అందరూ నిద్రపోయారు. కుదిరిందల్లా చేతిపని. చింతపండు పిక్కలు తీయడం, చాటలో బియ్యం ఏరడం, కొబ్బరాకు చీల్చి చీపురు ఈనెలు తీయడం, పీచు తాడు పేనడం, పూలు కట్టడం. ఈనెలు తీయడానికి కత్తి బదులు చిన్న స్టీలు రేకు ఇస్తాం. అలా ఏరిన బియ్యం, కట్టిన దండలు నిజంగా వాడతాం. పని ఉత్తుత్తిదైతే వాళ్ళకు తెలిసిపోతుంది. చీపురు కట్టి ఇస్తే "ఇది ఎవరింటికమ్మా" అని అడిగే ముసలమ్మ మొహం చూస్తే మీకే అర్థమవుతుంది.

అత్తయ్యగారి చేతికి దారం, సూది ఇచ్చిన శనివారం గురించి చెప్పాలి. అప్పటికి నా పేరు ఆవిడకు తడుముకుంటే గాని వచ్చేది కాదు. దారం వేలికి చుట్టుకుని, గొలుసు వేసి, ఒక పువ్వు అల్లి పక్కన పెట్టారు. మరొకటి మొదలుపెట్టారు. పక్కన కూర్చున్న డిగ్రీ చదివే పిల్ల తప్పు అల్లితే, "అట్టా కాదే అమ్మాయ్, వదులుగా పట్టు" అని విప్పి చూపించారు. కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయని, చిన్నప్పటినుంచి చేతికి పట్టిన పనులు చాలాకాలం నిలుస్తాయని డాక్టరు తర్వాత చెప్పారు. ఇంట్లో అన్నాళ్ళూ అన్నం కలిపి పెట్టించుకునే మనిషిగానే ఆవిణ్ణి చూశాం. ఆ గదిలో ఆవిడ మళ్ళీ నేర్పే మనిషయ్యారు. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి వినిపిస్తే, అక్కడున్న ఆడవాళ్ళు ముందు అడిగింది "అయితే పువ్వుకి ఎంతిస్తారంట?" అని. అత్తయ్యగారు కూడా గట్టిగా అడిగారు.

మాట్లాడే పద్ధతిలో మాకు బాగా పనికొచ్చిన నియమం ఒకటుంది. బ్రిటన్‌లో ఈ జబ్బువాళ్ళ కోసం తయారుచేసిన ఒక పద్ధతిలో వారానికి రెండుసార్లు చొప్పున 14 కూడికలు పెడతారు. దాన్ని పూర్తిగా నడిపే శిక్షణ మాకు లేదు. కానీ అందులో ఒక సూత్రం ఉంది: జరిగినవి అడగకుండా, వాళ్ళ అభిప్రాయం అడగాలి. "నేనెవరో గుర్తుందా? పొద్దున్న ఏం తిన్నారు?" అనే ప్రశ్నలు మా గదిలో ఎవరూ వేయరు. చుట్టాలు ప్రేమతోనే అడుగుతారు గాని, జవాబు రాని మనిషికి ఆ క్షణం ఎంత అవమానంగా ఉంటుందో ఒకసారి ఆలోచించండి. వానాకాలంలో గోదావరికి ఎర్రనీళ్ళొచ్చినప్పుడు "పులస పులుసులో బెండకాయ వెయ్యాలా, వద్దా?" అని అడిగాం. ఇక చూడాలి. బెండకాయ లేకపోతే అది పులుసే కాదని ఒకరు, పులస రుచి చెడగొట్టేది బెండకాయేనని ఒకరు, అసలు రాత్రి వండి పొద్దున్న తినాలని మరొకరు. ఎన్నాళ్ళుగానో నోరు విప్పని ఒకావిడ "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్నారు. ఆవిడ కొడుకు వరండాలోంచి ఆ గొంతు విని లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

మగవాళ్ళను రప్పించడం కష్టమైంది. లేసు, పూలు అంటే వాళ్ళు రారు. కాలువల మీద నీళ్ళు వదిలే లస్కరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. రోజంతా "నీళ్ళు వదిలారా?" అని అడుగుతూనే ఉంటారు. ఇంట్లోవాళ్ళు విసిగిపోయి "వదిలార్లే నాన్నా, ఊరుకో" అనేవారు. ఆయన ఊరుకునేవారు కాదు. మా కూడికకు వచ్చే ఒక రైతు మాత్రం ఆయన పక్కన కూర్చుని, "వదిలారండి. దాళ్వా పంటకి వంతులు ఎలా పెడతారో మాకు తెలియట్లేదు, మీరు చెప్పాలి" అన్నాడు. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ఏ కాలువకు ఎన్నాళ్ళు, శివారు చేలకు నీళ్ళు అందకపోతే ఏ షట్టరు దించాలి, గొడవలు వస్తే ఎవరికి సర్దిచెప్పాలి, అన్నీ. ఆ పూట ఆయన మళ్ళీ నీళ్ళ గురించి అడగలేదు. అప్పటినుంచి మగవాళ్ళకు ఒక మూల పేపరు, పీచు, చేల కబుర్లు.

ఇక వరండా సంగతి. నా మట్టుకు నాకు ఈ కూడికలో సగం బలం అక్కడే ఉంది. లోపల పెద్దవాళ్ళతో ఏఎన్ఎం, డిగ్రీ పిల్లలు ఉంటే, చూసుకునేవాళ్ళం అరగంటసేపు వరండాలో కూర్చుంటాం. ఒకరు చెబుతుంటే మధ్యలో సలహా చెప్పకూడదని కట్టుబాటు పెట్టుకున్నాం. అడిగితేనే చెప్పాలి.

"నా గాజులు నువ్వే తీశావు" అని అత్తయ్యగారు నన్ను నలుగురిలో అన్నప్పుడు నేను పడ్డ బాధ ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను. వరండాలో ఆ మాట బయటపెడితే అక్కడున్న ముగ్గురు కోడళ్ళు, ఒక కూతురు "మా ఇంట్లోనూ అంతే" అన్నారు. ఆ ఒక్క మాటతో నా గుండె బరువు దిగింది. వస్తువు ఎక్కడో పెట్టి మర్చిపోవడం, కనబడకపోతే ఎవరో తీశారనుకోవడం ఈ జబ్బులో చాలా మామూలట. వాదించకుండా మనమూ వాళ్ళతో కలిసి వెతకాలని, అలాంటివే రోల్డుగోల్డు గాజులు ఇంకో జత దగ్గర ఉంచుకోవాలని ఒకావిడ చెప్పింది. ఇప్పుడు మా ఇంట్లో అదే చేస్తున్నాం.

ఒక మాస్టారు తన భార్యను ఒక్కరే చూసుకుంటున్నారు, పిల్లలు అమెరికాలో. వంట నేర్చుకున్నారు, జడ వేయడం నేర్చుకున్నారు. చీర కట్టడం మాత్రం చేతకావట్లేదని తలదించుకుని అడిగారు. నైటీ వేయండి మాస్టారూ అంటే, "ఆవిడ ఇన్నేళ్ళూ చీర లేకుండా గుమ్మంలోకి రాలేదమ్మా" అన్నారు. ఆ రోజు మా ఆడపడుచు పాత చీర తెచ్చి, కుచ్చిళ్ళు ముందే కుట్టేసి, నడుముకు నాడా పెట్టి ఇచ్చింది.

ఇంకో అబ్బాయి, ముప్పై దాటి ఉంటాయి, రాత్రిళ్ళు నిద్ర లేక ఒకసారి తల్లి మీద చెయ్యెత్తానని ఏడ్చాడు. ఎవరూ తిట్టలేదు. ఏఎన్ఎం అతనికి మానసిక సమస్యలకు సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు 14416, పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 రాసిచ్చింది. మిగతావాళ్ళం వంతులు వేసుకుని వారానికి ఒక రాత్రి వాళ్ళింట్లో పడుకోవడం మొదలుపెట్టాం, అతను నిద్రపోవడానికి. చూసుకునేవాళ్ళకు నిద్ర కరువైతే ఆ ఇంట్లో ఏ మంచి సలహా నిలబడదు.

బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన చెప్పిన మాట కూడా అందరికీ పనికొస్తుంది. జబ్బు తొలిదశలో, మనిషికి తన వ్యవహారం తెలిసి సంతకం పెట్టగలిగే రోజుల్లోనే బ్యాంకు ఖాతాలు, నామినీలు, పొలం కాగితాల పనులు వాళ్ళను అడిగి, వాళ్ళ ఇష్ట ప్రకారం పూర్తి చేసుకోవాలి. ఆలస్యమైతే కోర్టుల దాకా పోవాలి.

మా ప్రాంతంలో అన్నిటికన్నా పెద్ద భయం నీళ్ళు. ఇంటి వెనక బోదె, వీధి చివర చెరువు, ఊరి ముందు కాలువ. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో మాకు కొంచెం నిద్ర పట్టేది. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు వదిలారని తెలిస్తే మళ్ళీ టెన్షన్. అందుకని సెప్టెంబరు 21న, ప్రపంచ అల్జీమర్స్ దినం రోజున, ఆటోస్టాండువాళ్ళను, పాలవాళ్ళను, కిరాణా కొట్లవాళ్ళను, చేపలవాళ్ళను పిలిచి కూర్చోబెట్టాం. మా పెద్దవాళ్ళ చేతికి ఫోన్ నంబరు చెక్కించిన స్టీలు కడియం ఉంటుంది. ఒంటరిగా నీళ్ళ వైపు కనిపిస్తే "ఎక్కడికి పోతున్నావ్" అని గద్దించకుండా, "రండి, కూర్చోండి, మంచినీళ్ళు తాగండి" అని ఆపి ఫోన్ చేయమన్నాం. నర్సాపురం రేవులో గోదావరి దాటించే పంటు దగ్గరికీ వెళ్ళి చెప్పాం. అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో పుట్టిల్లున్న ఒక ముసలమ్మ, అమ్మ పిలుస్తోందని తెల్లారకుండానే రేవుకు నడిచి వెళ్ళిపోయింది. టికెట్లిచ్చే కుర్రాడు కడియం చూసి, "పంటు రావడానికి టైముంది మామ్మగారూ" అని బల్ల మీద కూర్చోబెట్టి వాళ్ళబ్బాయికి ఫోన్ చేశాడు. ఈ ఒక్కదానికైనా ఆ మీటింగు పెట్టినందుకు ఫలం దక్కిందనుకుంటాను.

ఈ కూడికతో జబ్బు తగ్గదు. తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఈ సంక్రాంతి తర్వాత అత్తయ్యగారికి పువ్వు పూర్తవడం లేదు. మొదలుపెట్టి, సూది ఎటు తిప్పాలో తోచక నా వైపు చూస్తారు. ఇప్పుడు దారం ఉండలు చుట్టే పని ఇస్తున్నాం. అదీ శ్రద్ధగా చేస్తారు. పక్కవాళ్ళు అల్లేది ఆ దారంతోనే. మంచం పట్టినవాళ్ళ దగ్గరికి మేమే వెళ్తున్నాం. ఇద్దరం వెళ్ళి రెండు గంటలు కూర్చుంటే, ఆ ఇంటి ఇల్లాలు బజారుకో, గుడికో వెళ్ళొస్తుంది, లేకపోతే పక్కగదిలో పడుకుంటుంది.

లస్కరుగారు పోయిన కార్తీకంలో కాలం చేశారు. కర్మకాండలయ్యాక వాళ్ళమ్మాయి ఒక శనివారం గుమ్మం దగ్గర నిలబడి, "నాన్న లేరుగా, నేను రావచ్చాండీ?" అని అడిగింది. వరండాలో తన కుర్చీ అలాగే ఉంచాం. ఇప్పుడు టీ పెట్టేది తనే. ఆశా అమ్మాయితో కలిసి కొత్త ఇళ్ళకు వెళ్ళేదీ తనే. పాలకొల్లు వైపు నుంచి రెండు కుటుంబాలవాళ్ళు వచ్చి మా పద్ధతి చూసి వెళ్ళారు, వాళ్ళ ఊళ్ళో మంగళవారం పెట్టుకుంటామన్నారు. హాలు చూడటానికి వచ్చే వారం తనే వాళ్ళ ఊరు వెళ్తోంది.